మిగిలిన కట్ట

మా వీధిలో నన్ను ఆకులక్క అంటారు. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఎవరైనా అడిగితే నేనే ఒక్క క్షణం తడుముకుంటాను. నాలుగంతస్తుల భవనం మలుపులో, మందుల షాపు గోడకు ఆనుకుని ఒక చెక్కబల్ల, దాని మీద తడిపిన గోనెపట్టా, పైన చిరుగులు పడ్డ నీలం టార్పాలిన్. పద్దెనిమిదేళ్ళుగా నా దుకాణం ఇదే. పాలకూర, తోటకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీనా అమ్ముతాను. వీటితో పాటు సలహాలు కూడా ఇస్తాను. కట్ట కొన్నవాళ్ళకీ ఇస్తాను, కొనకుండా ఊరికే నిలబడ్డవాళ్ళకీ ఇస్తాను. వద్దన్నవాళ్ళకు మరి కాస్త ఎక్కువ ఇస్తాను.

పిల్లల చేత ఆకుకూరలు తినిపించే విద్యలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరని నా గట్టి నమ్మకం. ఏ తల్లైనా వచ్చి, "మావాడు పచ్చగా ఏది కనబడినా కంచం అవతలకి తోసేస్తున్నాడక్కా" అన్నదంటే చాలు, చేతిలో పని ఆపేసి, "పిల్లాణ్ణి తీసుకురా, చూస్తాను" అంటాను. ఏదో పెద్ద చదువు చదివినట్టు. ఆ పిల్లాడు వచ్చాక బల్ల ముందు నిలబెట్టి, "నీకు నచ్చిన కట్ట నువ్వే తీసుకో బాబూ. మీ అమ్మ మాట వినక్కర్లేదు" అంటాను. వాడు అటు తిప్పి ఇటు తిప్పి, నాలుగు కట్టలు కెలికి, ఒకటి లాగుతాడు. అప్పుడు తల్లికి చెబుతాను.

"వాడు ఏరుకున్నాడు కాబట్టి వాడే తింటాడు. ఇంటికెళ్ళాక వాడి చేతే కడిగించు. నీళ్ళు ఒంటి మీద పోసుకుంటే పోసుకోనీ. ఒంటికి మంచిది అన్న మాట మాత్రం నోటెంట రానివ్వకు. ఆ మాట వింటే నాకే తినబుద్ధి కాదు."

ఈ వైద్యం పదిమందిలో ఆరుగురికి పని చేస్తుంది. మిగతా నలుగురి తల్లులు నేను చెప్పినట్టు చేసి ఉండరని నేనే తీర్పు ఇచ్చేస్తాను. మా మలుపులోని భవనం మూడో అంతస్తులో ఉండే టీచరమ్మ కూతురు ఆరుగురిలో మొదటిది. ఒకప్పుడు ఆ పిల్ల కొత్తిమీర ఆకు కనిపిస్తే కూర గిన్నెంతా వెతికి ఏరేసేది. ఇప్పుడు పాలకూర ఉందంటే ముందు తనే కూర్చుంటుందట. ఈ సంగతి టీచరమ్మ పదిమందికి చెప్పింది, నేను వందమందికి చెప్పాను.

ఇక మా ఇంటి సంగతి. ఇది మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, తొమ్మిదేళ్ళు. గింజలు ఏరినట్టు నాలుగు మెతుకులు తిని లేస్తుందని దాన్ని పిట్ట అంటాం. చిన్నవాడికి నాలుగేళ్ళు, వాడు బుడ్డోడు. పిట్ట కంచం ముందు కూర్చుంటే ముందు ఆకుల పని పడుతుంది. గోటితో ఒక్కొక్క ఆకూ వేరుచేసి కంచం అంచు చుట్టూ వరసగా పేర్చుతుంది. బుడ్డోడు దాని పక్కన కూర్చుని, ఎందుకో ఏమిటో తెలియకుండానే, తన కంచానికీ అలాగే అంచు కడతాడు. ఒకరోజు ఆకుకూర లేకపోతే టమాటా తొక్కలు పేర్చాడు. అక్క చేసింది చేయకపోతే వాడికి అన్నం దిగదు.

మా ఆయన బస్సు నడుపుతాడు. పెట్టింది తింటాడు, పెట్టనిది అడగడు. ఉప్పు వేయడం మరిచిపోయిన రోజు కూడా కిమ్మనకుండా తిని చేయి కడుక్కున్నాడు. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే కూర ఎలా ఉందో ఎవరిని అడిగి తెలుసుకోవాలి?

ఇంకో రహస్యం కూడా చెప్పేస్తాను, ఎలాగూ నోరు విప్పాను కదా. నాకూ ఆకుకూరంటే పెద్ద ఇష్టం లేదు. అమ్మేదాన్ని కాబట్టి తింటాను, అంతే. రెండు ముద్దల్లో నమలకుండా మింగేసి, అబ్బా ఎంత బాగుందో అని పిల్లల వైపు చూస్తాను. వాళ్ళు నమ్మినట్టు ఒక్కరోజూ కనబడలేదు.

సాయంత్రం బల్ల సర్దేటప్పుడు ఎన్నో కొన్ని కట్టలు మిగులుతాయి. పొద్దున నిగనిగలాడినవి అప్పటికి మెడలు వాల్చేసి ఉంటాయి. పండిపోయిన ఆకులు గిల్లేసి, వాడిపోయిన రెండు కట్టలు కలిపి ఒక్కటిగా కట్టి, సంచిలో వేసుకుని ఇంటికి వస్తాను. అందుకే మా ఇంట్లో ఏ పూట ఏ కూర అన్నది నేను అనుకోను. వీధంతా కొనుక్కోగా ఏది మిగిలితే అదే. అమ్ముడుపోలేదని పారేయడం నాకు చేతకాదు. మా అమ్మ నెత్తిన గంప పెట్టుకుని ఇదే వ్యాపారం చేసింది, ఆవిడా ఇలాగే గంప అడుగున మిగిలింది తెచ్చి వండేది. ఈ పొదుపు గురించి నాకు లోలోపల చాలా గొప్పగా ఉండేది కూడా.

ఆ మధ్య స్కూల్లో పిల్లలందరికీ వైద్య పరీక్షలు చేశారు. పిట్ట పుస్తకంలో ఒక చీటీ పెట్టి పంపారు. రక్తం తక్కువగా ఉంది, డాక్టరుకు చూపించండి, అని అందులో రాసి ఉంది. నేను ఆ చీటీ మూడుసార్లు చదివాను. ఎవరి చీటీయో పొరపాటున మా పిల్ల పుస్తకంలో పడిందేమో అని పేరు కూడా సరిచూసుకున్నాను.

డాక్టరమ్మ ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది. ఆ మెట్లు ఎక్కుతూ పిట్ట రెండుసార్లు కూర్చుంది. మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి, "లేవే, బద్ధకం. ఈ వయసులో నేను గంప మోశాను" అని కసిరాను. అది రెయిలింగు పట్టుకుని లేచింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. అంత దగ్గరగా నిలబడి కూడా నాకు ఆ పెదవులు కనబడలేదు, బద్ధకమే కనబడింది.

డాక్టరమ్మ పిట్ట కింది రెప్ప లాగి చూసింది. గోళ్ళు చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"ఆకుకూరలు తింటుందా?"

నేను నేల మీది గచ్చు చూస్తూ, "తక్కువేనండీ" అన్నాను.

"మీరేం చేస్తుంటారు?"

"చిన్న వ్యాపారం."

"ఏం వ్యాపారం?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ పిట్ట నా మొహంలోకే చూస్తోంది. "ఆకుకూరలు అమ్ముతానండీ" అన్నాను.

డాక్టరమ్మ కలం ఆగింది. ఆవిడ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. మాత్రలు రాసి, "మూడు నెలలు వాడండి. కానీ మాత్రలతోనే అయిపోదు, తిండి మారాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం. అప్పటికీ పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపాల్సి ఉంటుంది" అంది. ఆ గదిలోంచి నేను ఎలా బయటికి వచ్చానో నాకు తెలియదు, తల తీసేసినట్టయింది.

మాత్రలు మా బల్ల ఆనుకున్న మందుల షాపులో కొనలేదు. రెండు వీధులు చుట్టు తిరిగి, నన్నెవరూ ఎరగని షాపులో కొన్నాను. ఆకులక్క కూతురికి ఒంట్లో రక్తం లేదట అన్న మాట వీధిలో పడితే ఇక రేపటి నుంచి నా సలహా ఎవరు వింటారు? పిల్ల ఒళ్ళు చల్లబడిపోతుంటే నేను పరువు కోసం రెండు వీధులు నడిపించాను దాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దారిలో పిట్ట అంది. "అమ్మా, పరుగు పందెంలో నన్ను కూర్చోబెట్టేశారు. ఈసారి మళ్ళీ నా పేరు రాస్తారా?"

"రాస్తారు" అన్నాను. దాని చెయ్యి నా చేతిలో మంచుముక్కలా ఉంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఎలాగైనా సరే, ఈ మూడు నెలల్లో దీని చేత ఆకు తినిపించి తీరాలి అనుకున్నాను.

పట్టుదల మంచిదే కానీ, దాంతో పాటు బుర్ర కూడా ఉండాలి. మొదటి వారం పాలకూర మెత్తగా రుబ్బి రొట్టె పిండిలో కలిపేశాను.

"రొట్టె ఎందుకు పచ్చగా ఉంది?" అంది పిట్ట.

"పిండే అలా వచ్చింది."

"పచ్చ పిండి ఉంటుందా?"

"ఇప్పుడు కొత్తగా వస్తోంది."

అది రొట్టెను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, అవతల పెట్టేసింది. రెండో వారం మెంతికూర సన్నగా తరిగి గుడ్డులో దాచాను. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, మిగతా గుడ్డును చెంచాతో పొరపొరగా విప్పేసింది, దొంగసొత్తు వెతికినట్టు. మూడో వారం నా తెలివి మరీ ముదిరింది. పండ్లరసంలో పాలకూర రసం కలిపి, రంగు కనబడకుండా మూత ఉన్న స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. ఇద్దరూ తాగేశారు. నేను వంటింట్లో గెలిచానని మురిసిపోతున్నాను. ఇంతలో పిట్ట అద్దం ముందు నాలుక చాపి చూసుకుంది. నాలుక పచ్చగా ఉంది. బుడ్డోడైతే వీధిలోకి పరుగెత్తి, మందుల షాపాయనకు నాలుక చూపించి, "మా అమ్మ పెట్టింది" అని చెప్పి వచ్చాడు.

ఆ రోజు నుంచి పిట్ట నా చేతి గుడ్డు మానేసింది, రొట్టె మానేసింది, పండ్లరసం దగ్గరికే రాలేదు. బుడ్డోడు కూడా మానేశాడు. మా ఆయన కంచం కడుగుతూ, నెలకొకసారి మాట్లాడే మనిషి, ఆ నెల మాట నా మీద వాడేశాడు.

"అది తినే నాలుగూ కూడా నువ్వే మాన్పించావు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన కడిగిన కంచం లాక్కుని మళ్ళీ తోమాను.

నెల దాటిపోయింది. మాత్రలు వేస్తున్నాను, పిల్ల అవైతే మింగుతోంది. తిండి మాత్రం మారలేదు. రోజూ పొద్దున దాని కింది రెప్ప లాగి చూడటం అలవాటైంది నాకు. ఏం చూడాలో తెలియదు, డాక్టరమ్మ చూసింది కాబట్టి నేనూ చూసేదాన్ని.

బుధవారాలు పిట్ట స్కూలు నుంచి నేరుగా టీచరమ్మ ఇంటికి వెళుతుంది. వాళ్ళ అమ్మాయీ ఇదీ ఒకటే తరగతి, కలిసి ఏవో బొమ్మల చార్టులు చేస్తారు. నేను బల్ల సర్దేవరకూ అక్కడే ఉండి, తిని వస్తుంది. ఒక గురువారం పొద్దున టీచరమ్మ స్కూలుకు వెళ్ళేముందు ఎప్పటిలాగే కట్ట తీసుకోవడానికి వచ్చింది.

"అక్కా, మీ అమ్మాయికి దిష్టి తగులుతుందేమో, అయినా చెబుతున్నాను" అంది. "నిన్న పాలకూర రెండుసార్లు అడిగి వేయించుకుంది. దాన్ని చూసి మా అమ్మాయి కూడా ఇంకో గరిటె వేసుకుంది. మీ పెంపకం అక్కా, ఇంకేం చెప్పను."

నేను నీళ్ళు చల్లే సీసా పట్టుకుని ఉన్నాను. చల్లుతూనే ఉన్నాను. ఒకే కట్ట మీద చల్లీ చల్లీ నీళ్ళు బల్ల అంచు నుంచి నా కాళ్ళ మీద కారాయి.

"ఏ పిల్లండీ?" అన్నాను.

"మీ పిట్టేనక్కా. ప్రతి బుధవారం అంతే కదా."

లోపల నాకు ఏమేమి ఉడికిందో చెప్పలేను. సంతోషం, కోపం, అవమానం మూడూ ఒకేసారి వచ్చాయి, అందులో అవమానం కాస్త ముందుగా వచ్చింది. మా ఇంట్లో తినదని చెప్పుకోలేను. కిటుకు అడగకుండా ఉండలేను.

"మీరు ఎలా చేస్తారేంటి? ఊరికే అడుగుతున్నా" అన్నాను, కొత్తిమీర సర్దుతున్నట్టు నటిస్తూ.

టీచరమ్మ నవ్వింది. "మీరు చెప్పినట్టేనక్కా. పొద్దున మీ దగ్గర తీసుకోగానే కడిగి పెట్టేస్తాను. సాయంత్రం కాస్త నూనెలో రెండు వెల్లుల్లి రేకులు వేసి, ఆకు వేసి రెండు నిమిషాలు. ఉప్పు. దించాక నిమ్మకాయ పిండుతాను. అంతకంటే ఏముంది?"

అంతకంటే ఏముందో నాకూ తెలియలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అక్షరాలా అలాగే చేశాను. సంచిలో మిగిలిన పాలకూర కట్ట తీశాను, పండిపోయినవి గిల్లేశాను, నూనె, రెండు రేకుల వెల్లుల్లి, రెండు నిమిషాలు గడియారం చూసి, ఉప్పు, నిమ్మకాయ. దాచడాలు లేవు, రుబ్బడాలు లేవు. పిట్ట ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. అది ఒక ఆకు నోట్లో పెట్టుకుంది. నాలుగుసార్లు నమిలింది. తీసి కంచం అంచున పెట్టింది. బుడ్డోడు తన ఆకు దాని పక్కన పెట్టాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"టీచరమ్మ ఇంట్లో రెండుసార్లు వేయించుకుని తింటావట. ఇక్కడికొచ్చేసరికి నీ నోటికేమొచ్చింది? వాళ్ళ చేతిలో తేనె ఉందా, నా చేతిలో విషం ఉందా? నీ కోసం నేను నెల రోజులుగా వంటింట్లో చచ్చీ చెడీ చేస్తుంటే, నువ్వు ఊళ్ళోవాళ్ళ ఇంట్లో తిని నా పరువు తీస్తావా?"

పిట్ట వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన కంచంలోకి చూసుకున్నాడు. అప్పుడు మెల్లగా అంది.

"వాళ్ళది వేరే ఆకు అమ్మా."

"వేరే ఎక్కడిది? నా బల్ల మీదిదే. పొద్దున నా చేత్తో ఇచ్చిందే."

"అదే. వాళ్ళది పొద్దుటిది. మనది ఎవరూ కొననిది."

కోపంగా అనలేదు అది. ఫిర్యాదు చేసినట్టు కూడా అనలేదు. మన గోడకు సున్నం వేశారు అన్నట్టు, ఉన్న మాట చెప్పింది.

"వాళ్ళది నమిలితే తియ్యగా ఉంటుంది. మనది పీచు వస్తుంది, చేదుగా ఉంటుంది. నేను వంకలు పెట్టడం లేదమ్మా, నిజం."

అప్పుడు మా ఆయన తల ఎత్తాడు. "నాకూ అనిపించేది" అన్నాడు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం మరి?"

"నువ్వు అడగలేదు కదా."

నేను పిట్ట కంచం అంచు నుంచి ఒక ఆకు తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. మింగేయకుండా నమిలాను. ఎన్నేళ్ళకు నమిలానో తెలియదు. పీచు పళ్ళ మధ్య ఇరుక్కుంది. నాలుక చివర చేదు తగిలింది. మా అమ్మ గంప అడుగున మిగిలిన తోటకూర గుర్తొచ్చింది. కంచం అంచున ఆకులు పేర్చిన ఇంకో పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లను నేనే. నాకు ఆకుకూర నచ్చదని ఇన్నేళ్ళు అనుకున్నాను. అసలు నేను ఎప్పుడూ మంచి ఆకు తిననే లేదు. పద్దెనిమిదేళ్ళుగా రోజూ వందల కట్టలు చేతులు మారుస్తూ, ఒక్కటంటే ఒక్కటి పొద్దుటి కట్ట ఇంటికి తెచ్చుకోవాలని నాకు తట్టలేదు. నన్ను మించిన మొద్దు ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, దండం పెడతాను.

మర్నాడు ఏదో పండగని స్కూలుకు సెలవు. పిట్టను పొద్దున్నే నాతో పాటు బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్కువ నడవకుండా ఆటోలో. సరుకు అప్పుడే దిగింది. పాలకూర కట్టలకు వేళ్ళ దగ్గర ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది. అన్నీ బల్ల మీద వరసగా పేర్చాను, నీళ్ళు చల్లాను. దానికోసం ఒక ఎత్తుపీట వేశాను.

ఊళ్ళో పిల్లలందరికీ చెప్పే మాటే చెప్పాను. "నీకు నచ్చిన కట్ట నువ్వే తీసుకో. అమ్మ మాట వినక్కర్లేదు."

పిట్ట పీట దిగి బల్ల ఒక చివర నుంచి రెండో చివర దాకా చూసుకుంటూ వెళ్ళింది. తొందరపడలేదు. ఒక్కొక్క కట్ట మీదా కళ్ళు ఆనించింది. ఆఖరికి వంగి, బల్ల కింద నేను అవతల పడేసిన కట్ట ఒకటి తీసింది. సరుకు తెచ్చిన ఆటోలో అడుగున పడి నలిగిపోయింది అది. సగం ఆకులు చిరిగి, కాడలు విరిగి ఉన్నాయి.

మాట అర్థం కాలేదేమో అనుకున్నాను. "అది నలిగిపోయిందే. బల్ల మీదిది చూసుకో" అన్నాను.

"ఫర్లేదమ్మా" అంది పిట్ట. "ఇది ఎలాగూ ఎవరూ తీసుకోరు కదా. మంచివి అమ్ముకో."

నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఎంతమంది పిల్లలకు ఏరుకోవడం నేర్పానో చెప్పుకుని తిరిగాను. నా పిల్లకు నేర్పింది ఇదీ. మంచిది మనది కాదు, మిగిలిందే మనది అని. ఒక్కరోజు కూడా నోటితో చెప్పలేదు, రోజూ సంచిలో మోసుకొచ్చి నేర్పాను.

ఆ సమయానికే రోజూ మొదటి బేరానికి వచ్చే రిటైర్డు గుమాస్తాగారు వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని, ఎప్పటిలాగే బల్లంతా గాలించి, నడిమధ్యన ఉన్న కట్ట మీద చేయి వేశారు. ఆయన చేయి వేశారంటే అది ఆ రోజు సరుకులోకెల్లా మంచిదని నేను కళ్ళు మూసుకుని చెబుతాను.

ఆయన చేతిలోంచి దాన్ని లాగేసుకున్నాను. "ఇది అమ్మేది కాదండీ."

"మరి బల్ల మీద ఎందుకు పెట్టావమ్మా?"

"పొరపాటు. మా అమ్మాయిది."

గుమాస్తాగారు నా మొహం చూసి, పిల్ల మొహం చూసి, ఇంకేం అడగకుండా పక్క కట్ట తీసుకున్నారు. నేను నలిగిన కట్టను పిట్ట చేతిలోంచి తీసి, మంచి కట్ట పెట్టాను. అది రెండు చేతులా పట్టుకుంది. నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి.

"మొత్తం మనకేనా?" అంది.

"మొత్తం మనకే."

ఆ పూట బల్ల మధ్యాహ్నానికే మూసేశాను. పిట్టే కడిగింది. బుడ్డోడు గిన్నెలో చేతులు పెట్టి సగం నీళ్ళు నేల మీద పోశాడు. రెండు నిమిషాలు, ఉప్పు, నిమ్మకాయ. తియ్యగా ఉంది. మా ఆయన గిన్నె తన వైపు లాక్కుని, "ఇంకా ఉందా?" అని అడిగాడు. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆయన అడగగా వినడం అదే మొదలు. అంచులకు ఆ రోజు ఎవరూ ఆకులు పేర్చలేదు. వెల్లుల్లి రేకు ఒక్కటి మాత్రం బుడ్డోడు అంచున పెట్టాడు, పాత మర్యాద కొద్దీ.

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయని చెబితే అబద్ధం. రోజూ స్కూలుకు వెళ్ళేముందు బల్ల దగ్గర ఆగి, కట్ట ఏరుకోమంటే పిట్ట చేయి అలవాటుగా వాడిన దాని మీదికే పోయేది. నేను మెత్తగా పక్కకు తోసేదాన్ని. మూడు వారాలు పట్టింది, ఆ చేయి తనంతట తను మంచి కట్ట మీదికి వెళ్ళడానికి. ఇప్పుడు గుమాస్తాగారికీ దానికీ పోటీ. నిన్ననే ఆయన, "నీ కూతురు నాకు గడ్డి మిగులుస్తోంది" అని విసుక్కున్నారు. సాయంత్రం మిగిలిన కట్టలు వీధి చివర మేకలాయన వచ్చి పట్టుకెళతాడు. మేకలు ఏ వంకా పెట్టవు.

సలహాలు మాత్రం మానలేదు, అది పుట్టుకతో వచ్చింది. కాకపోతే ఇప్పుడు ఏ తల్లైనా మావాడు తినడం లేదక్కా అంటే, ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను. మీరు తిని చూశారా, ఎలా ఉంది, అని.

మూడు నెలలు నిండాక రక్తపరీక్ష చేయించాం. ఆసుపత్రి కింద పరీక్షల గదిలో ఉన్నాయన చీటీ చేతికిచ్చి, "పెరిగిందండీ. ఇంకాస్త పెరగాలి, కానీ బాగా పెరిగింది" అన్నాడు. ఆ చీటీ డాక్టరమ్మకు చూపించడానికి మెట్లెక్కాలి. పిట్ట నా చేతిలోంచి చీటీ లాక్కుని ముందు పరుగెత్తింది. నేను వెనకాల ఎక్కుతున్నాను. నెలల తరబడి పట్టిన భయం అప్పుడే ఒంట్లోంచి దిగుతోందో ఏమో, మొదటి అంతస్తు దాటాక ఇక ఎక్కలేకపోయాను. ఇదివరకు అది కూర్చున్న మెట్టు మీదే కూలబడ్డాను, కొంగుతో మొహం తుడుచుకున్నాను.

పైనుంచి రెయిలింగు మీదుగా పిట్ట తొంగి చూసింది. మొహం ఎర్రగా ఉంది, పెదవులు ఎర్రగా ఉన్నాయి.

"లేమ్మా," అంది, "బద్ధకం."